‘నాకేం కావట్లేదు కదా’ అంటున్నాడు!

ప్రశ్న: మా బాబుకి పదహారేళ్లు. రెండేళ్ల కిందట సీలియాక్ వ్యాధి అని తేలింది. అప్పట్నుంచి ఇంట్లో గోధుమపిండి, మైదా మానేశాం. మొదట్లో బాగా పాటించాడు. ఒంటికి రక్తం పట్టింది, పొడవు పెరిగాడు. ఇంటర్‌లో చేరాక స్నేహితులతో కలిసి నూడుల్స్, సమోసాలు తింటున్నాడని తెలిసింది. అడిగితే ‘నాకేం కావట్లేదు కదా’ అంటాడు. ఈమధ్య చేయించిన రక్తపరీక్షలో ఈ జబ్బుని పట్టించే టీటీజీ యాంటీబాడీ మళ్లీ పెరిగింది. కోప్పడితే మాట్లాడటం మానేస్తున్నాడు. వచ్చే ఏడాది హాస్టల్లో ఉండాలి. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: మీవాడు అబద్ధం చెప్పడం లేదమ్మా. ఈ వయసులో చాలామందికి గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు తిన్నా వెంటనే కడుపునొప్పీ రాదు, విరేచనాలూ కావు. అసలు ఇబ్బంది అక్కడే ఉంది. పైకి ఏమీ తెలియకపోయినా, చిన్నపేగు లోపల ఆహారసారాన్ని పీల్చుకునే సన్నటి నూగు దెబ్బతింటూనే ఉంటుంది. రోజూ 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ లోపలికి వెళ్లినా మూడు నెలల్లో పేగు పాడవుతుందని పరిశోధనల్లో తేలింది. ఒక్క బ్రెడ్ ముక్కలో సుమారు 2 గ్రాములు, అంటే దానికి 40 రెట్లు ఉంటుంది. పైగా ఎముకలు గట్టిపడేది, ఎత్తు పెరిగేది ఈ నాలుగైదేళ్లలోనే. ఇప్పుడు ఇనుము, కాల్షియం, విటమిన్ డి ఒంటికి అందకపోతే ఆ లోటు తర్వాత పూడ్చడం కష్టం.

ఈ మాటలు మీరు చెబితే తిట్టినట్టే ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కాసేపు బయట కూర్చోండి. రెండేళ్ల టీటీజీ, హిమోగ్లోబిన్ రిపోర్టులు వరుసగా పెట్టుకుని అతన్నే చూడనివ్వండి. ఎప్పుడో రాబోయే జబ్బుల గురించి భయపెడితే పదహారేళ్లవాడు వినడు. తన ఎత్తు, ఆటలో ఆయాసం, చదువుతుంటే ముంచుకొచ్చే నీరసం గురించి చెబితే వింటాడు.

తిండి మీద యావ కంటే, నలుగురిలో తానొక్కడే ఊరికే నిలబడాల్సి రావడమే ఈ పిల్లల్ని ఎక్కువ బాధపెడుతుంది. ఉత్తరాదితో పోలిస్తే మన దగ్గర సీలియాక్ బాగా అరుదు. స్నేహితులకే కాదు, హోటల్ వాళ్లకీ దీని సంగతి తెలియదు. ‘ఒక్క ముక్కకే ఏమవుతుందిరా’ అంటారు. ఒక్క దగ్గరి స్నేహితుడికైనా విషయం చెప్పమనండి. బండి దగ్గర తను తినగలిగేవి ముందే తెలిసుండాలి: కాల్చిన మొక్కజొన్న కంకి, ఉడికించిన పల్లీలు, బ్రెడ్ లేని ఆమ్లెట్. పునుగుల్లో మైదా కలుపుతారు. శనగపిండి బజ్జీ అయినా, సమోసాలు వేయించిన నూనెలోనే వేస్తే పనికిరాదు.

మన వంటిల్లు ఈ జబ్బుకి చాలావరకు అనుకూలం. అన్నం, జొన్నరొట్టె, రాగిసంకటి, సకినాలు, సర్వపిండి వేటిలోనూ గ్లూటెన్ లేదు. అయితే గిర్నీలో గోధుమలు పట్టిన వెంటనే మీ జొన్నలు పోస్తే ఆ పిండి కలుస్తుంది. వీలైతే ఇంట్లోనే చిన్న మర పెట్టుకోండి. డబ్బా ఇంగువలో సాధారణంగా గోధుమపిండి కలుస్తుంది కాబట్టి సాంబారు, పులిహోర కూడా చూసుకోవాలి. పాలల్లో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ, సోయా సాస్‌లో గోధుమ ఉంటాయి. సత్యనారాయణ వ్రతంలో పెట్టేది గోధుమరవ్వ ప్రసాదమే. అన్నవరం ప్రసాదమూ గోధుమనూకతో చేసేదే. కళ్లకద్దుకుని పక్కవారికి ఇస్తే దోషమేమీ లేదు. తిరుపతి లడ్డూ శనగపిండితో చేస్తారు. ప్యాకెట్లు కొనేటప్పుడు ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ఉందో లేదో చూడండి. మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం అలా రాసిన దానిలో గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు.

హాస్టల్ విషయం చేరేముందే తేల్చుకోండి. డాక్టరు ఉత్తరం తీసుకుని వార్డెన్‌తోనే కాదు, మెస్‌లో వండే మనిషితోనూ మాట్లాడండి. బాబునీ వెంట తీసుకెళ్లి, అడగాల్సింది అతన్నే అడగనివ్వండి. రేపు మీరు పక్కన ఉండరు. చపాతీ, పూరీ రోజున అతనికి అన్నం దొరకాలి, వడ్డించే గరిటె వేరుగా ఉండాలి. వాళ్లు కుదరదంటే, ఎంత పేరున్న కాలేజీ అయినా ఇంటి నుంచి వెళ్లివచ్చేదే చూసుకోమంటాను.

ఎప్పుడైనా తప్పి తింటే ఇంటికొచ్చి చెప్పగలిగేలా ఉండాలి. చెప్పినప్పుడు కోప్పడితే మరోసారి చెప్పడు. టీటీజీ నెమ్మదిగా తగ్గుతుంది. పథ్యం సరిగా పాటించాక ఆరు నెలలకి మళ్లీ చూడండి.

ప్రశ్న: మా చిన్నపాపకి ఏ ఇబ్బందీ లేదు. తనకీ పరీక్ష చేయించాలా? అన్నతోపాటు తనకీ చపాతీలు మాన్పించేద్దామనుకుంటున్నాం.

జవాబు: తప్పకుండా చేయించండి. తోబుట్టువుల్లో ఈ జబ్బు వచ్చే అవకాశం మిగతావారికంటే చాలా ఎక్కువ. మీ దంపతులిద్దరూ కూడా చేయించుకోండి. టీటీజీతోపాటు ఐజీఏ అనే యాంటీబాడీ మొత్తం ఎంతుందో కూడా చూడమని అడగండి. ఐజీఏ తక్కువుంటే టీటీజీ ఫలితాన్ని నమ్మలేం. పరీక్ష అయ్యేదాకా మాత్రం పాపకి చపాతీలు మాన్పించకండి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా రిపోర్టులో బయటపడకపోవచ్చు. ఇప్పుడు లేదని వచ్చినా, తర్వాత ఎదుగుదల మందగిస్తేనో రక్తహీనత కనిపిస్తేనో మళ్లీ చేయించాలి.