ల్యాబ్ ఎంచుకునే ముందు ఆ శాస్త్రవేత్త పేపర్లు చదవండి

బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, జువాలజీ చదివి, మెదడు మీద పరిశోధనకు బెంగళూరు వెళ్లాలనుకునేవారు మొదట అడిగేది 'ఏ పరీక్ష రాయాలి?' అని. పరీక్ష గురించి తెలుసుకోవాల్సిందే. కానీ పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. అన్నేళ్లు ఎవరి దగ్గర, ఏ ప్రశ్న మీద పనిచేస్తారన్నది అంతకన్నా ముఖ్యం. దానికి జవాబు ఆ శాస్త్రవేత్త ప్రచురించిన పేపర్లలోనే దొరుకుతుంది. పరిశోధన పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్‌లో పేరు వెతికితే ఆ జాబితా ఉచితంగా కనిపిస్తుంది.

ప్రశ్న ఎలా సాగిందో చూడండి

ఉదాహరణకు మెదడు పరిశోధకురాలు ప్రొఫెసర్ విజయలక్ష్మీ రవీంద్రనాథ్‌ను తీసుకుందాం. ఆమె ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేశారు. 1981లో మైసూరు యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ పొంది, అమెరికాలో పోస్ట్‌డాక్ చేసి, తిరిగొచ్చి బెంగళూరు నిమ్‌హాన్స్‌లో చేరారు. 1996లో భట్నాగర్ పురస్కారం, 2010లో పద్మశ్రీ అందుకున్నారు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి వ్యవస్థాపక డైరెక్టర్‌గా పనిచేశాక, 2009లో ఐఐఎస్సీకి వచ్చారు.

ఆమె పేపర్లను పాతవాటి నుంచి కొత్తవాటి వైపు చదవండి. తొలి రోజుల ప్రశ్న: మందులను మార్చే ఎంజైములు కాలేయంలోనే ఉంటాయా, మెదడులోనూ పనిచేస్తాయా? తర్వాత, కేసరి పప్పు అతిగా తిన్నవారికి కాళ్లు చచ్చుబడేలా చేసే విషపదార్థం నాడీకణాల్లోని మైటోకాండ్రియాను ఎలా దెబ్బతీస్తుందో పరిశీలించారు. అక్కడి నుంచి పార్కిన్సన్స్‌కు వెళ్లారు. 2012లో పీఎన్‌ఏఎస్ జర్నల్‌లో వచ్చిన పేపర్‌లో, అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకలకు అశ్వగంధ వేరు సారం ఇస్తే కాలేయంలో ఒక ప్రొటీన్ పెరిగి, మెదడులో పేరుకున్న అమైలాయిడ్ తగ్గిందని చూపారు.

జబ్బుల పేర్లు మారాయి. మెదడు కణం దేనివల్ల దెబ్బతింటుంది, దాన్ని ఎలా కాపాడుకోవచ్చు అన్న ఆరా మాత్రం ఆగలేదు. అదే ఆరా ఇప్పుడు ల్యాబ్ దాటి ఊళ్లకూ చేరింది. ఆమె వ్యవస్థాపక డైరెక్టర్‌గా పనిచేసిన సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, తెలుగు బాగా వినిపించే కోలారు జిల్లా శ్రీనివాసపురంలో 45 ఏళ్లు దాటినవారిని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం చేపట్టింది. 10,000 మందిని చేర్చుకోవడం దాని లక్ష్యం.

పేపర్‌లో ఏం చూడాలి?

• రచయితల వరుస: ఈ రంగంలో మొదటి పేరు సాధారణంగా ప్రయోగాలు చేసిన విద్యార్థిది, చివరి పేరు ల్యాబ్ అధిపతిది. విద్యార్థులకు మొదటి స్థానం దక్కుతోందా, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు అన్నది వెతకండి.

• పద్ధతులు: కణాల పెంపకం, ఎలుకలతో ప్రయోగాలు, మైక్రోస్కోపీ, డేటా విశ్లేషణ. అక్కడ మీ చేతికి వచ్చే పని ఇదే.

• హద్దులు: అశ్వగంధ ఫలితం ఎలుకల్లో వచ్చింది. మనుషులకు మందు దొరికిందని దాని అర్థం కాదు. ఇంటర్వ్యూలో ఈ తేడా చెప్పగలిగినవారికి విలువ ఉంటుంది.

• సంఖ్య: ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు అన్నది చివర్లో చూడండి. ముసలి ఎలుకల మీద చేసే ఒక్క ప్రయోగానికే ఏళ్లు పట్టవచ్చు.

ప్రవేశ మార్గాలు

బెంగళూరులో ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్, నిమ్‌హాన్స్, జేఎన్‌సీఏఎస్‌ఆర్‌లలో ఈ రంగంలో పీహెచ్‌డీ చేయవచ్చు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ, ఐసీఎంఆర్ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లు (జేఆర్ఎఫ్), గేట్ ప్రధాన దారులు. ఎన్‌సీబీఎస్‌కు జేజీఈఈబిల్స్ అనే ప్రవేశ పరీక్ష, నిమ్‌హాన్స్‌కు సొంత పరీక్ష ఉన్నాయి. 2023 నుంచి జేఆర్ఎఫ్ నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) రూ.42,000, ఇంటి అద్దె భత్యం అదనం. డిగ్రీ, పీజీ విద్యార్థులు సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌తో దాదాపు రెండు నెలలు ల్యాబ్‌లో పనిచేసి, ఈ జీవితం తమకు సరిపడుతుందో లేదో తేల్చుకోవచ్చు.

పీహెచ్‌డీ తర్వాత అధ్యాపక ఉద్యోగమే కాకుండా ఫార్మా పరిశోధన, కాంట్రాక్ట్ రీసెర్చ్ సంస్థలు, క్లినికల్ రీసెర్చ్, డేటా విశ్లేషణల్లోనూ అవకాశాలున్నాయి.

మెయిల్ ఇలా రాయండి

'మీ పరిశోధన ఎంతో నచ్చింది' అన్న మెయిల్ ఎవరికైనా పంపొచ్చు. అందుకే దానికి జవాబు రావడం కష్టం. ఒక పేపర్ పేరు చెప్పి, అందులో మీకు వచ్చిన ఒక సందేహం అడిగి, మీకు తెలిసిన పద్ధతులు రెండు వాక్యాల్లో రాయండి.

ఈ వారమే ఒక శాస్త్రవేత్తను ఎంచుకుని పాత పేపర్ ఒకటి, మధ్యలోది ఒకటి, కొత్తది ఒకటి చదవండి. ఆ మూడింటినీ కలిపే ప్రశ్నను ఒక్క వాక్యంలో తేలికైన తెలుగులో రాయగలిగితే, ఇంటర్వ్యూకు సగం సిద్ధమైనట్టే.