వాయుకాలుష్యము - మానవుని ఆయుఃప్రమాణము

ఒకపూట భోజనమును మానుకొనగలము, దాహమును కొంతసేపు ఓర్చుకొనగలము. శ్వాసను మాత్రము వాయిదా వేయజాలము. దొరికిన గాలినే పీల్చవలెను. ఆ గాలి మన ఆయువులో ఎంత భాగమును హరించుచున్నదో తేల్చుట సులభము కాదు. పొగలో నివసించువారు తరచుగా పేదవారు. వారి అకాలమరణమునకు కారణము పొగయా, పేదరికమా?

చైనాలోని ఒక నది ఈ చిక్కును చాలవరకు విప్పినది. ఆ దేశపు ఉత్తర దక్షిణ భాగములకు హువాయ్ నదిని హద్దుగా ఎంచుట పరిపాటి. 1950 - 1980 మధ్య ప్రభుత్వము ఆ హద్దునకు ఉత్తరమున గల పట్టణములకు మాత్రమే, చలికాలమున ఇండ్లను వెచ్చజేయుటకు బొగ్గును ఉచితముగా సమకూర్చినది. ఉద్దేశము మంచిదే. నాటి నివాస నమోదు నియమముల వలన ప్రజలు ఒకచోటి నుండి మరియొకచోటికి తేలికగా తరలిపోలేకపోయిరి; తమ ఊరి గాలినే దీర్ఘకాలము పీల్చిరి. ఇట్టి ప్రయోగమును తెలిసి తెలిసి ఏ శాస్త్రజ్ఞుడును చేయజాలడు.

2013లో వెలువడిన పరిశోధన ప్రకారము, నదికి ఉత్తరమున గాలిలోని ధూళికణములు 55 శాతము అధికము. సగటు ఆయుఃప్రమాణము సుమారు 5.5 సంవత్సరములు తక్కువ. తరువాతి కాలపు లెక్కలతో, మరింత సన్నని కణములను మాత్రమే గణించి 2017లో ప్రకటించిన పరిశోధనలో ఈ లోటు 3.1 సంవత్సరములని తేలినది. అధిక మరణములు ముఖ్యముగా హృదయ, శ్వాసకోశ వ్యాధుల వలన సంభవించినవే. పొగను అనుమానించుటకు ఇది బలమైన ఆధారము.

ఇక్కడ మన విద్యార్థులు పొరబడు విషయము ఒకటి కలదు. మూడేండ్లు తగ్గినదనగా ప్రతి మనిషియు మూడేండ్లు ముందుగా మరణించునని అర్థము కాదు. ఇది సగటు. ఒకరు ఏమియు కోల్పోకపోవచ్చును; మరియొకరు నలువదవ యేటనే పోవచ్చును.

కణము ఎంత చిన్నదైన అంత ప్రమాదకరము. 2.5 మైక్రానులకు లోబడిన కణము వెండ్రుక మందములో ముప్పదవ వంతు కూడ ఉండదు. ముక్కులోని వెండ్రుకలు, శ్లేష్మము దానిని ఆపలేవు. అది ఊపిరితిత్తుల చివరి గదుల వరకు చేరును; మిక్కిలి సూక్ష్మమైనవి రక్తములోనికిని ప్రవేశించును.

ఇట్టి కణములకు మన దేశము 2009లో విధించిన వార్షిక పరిమితి ఘనమీటరు గాలికి 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5.