చూడి పశువు గర్భమున మాయ యేర్పడు విధము

ఈనిన గేదె మాయ వేయకున్నచో ఇంటిల్లపాదియు కలవరపడుదురు; వేసిన పిమ్మట గోతిలో పూడ్చి మరచిపోవుదురు. ఇన్ని నెలలును దూడకు తల్లి నెత్తుటినుండి ఆహారమును, ప్రాణవాయువును అందించినది ఆ మాయయే. అది తల్లి శరీరభాగమని పలువురు తలంతురు గాని, దానిలో అధికభాగము దూడతోపాటు ఒకే పిండమునుండి పుట్టినది.

పిండమందలి కణములన్నిటను ఒకే జన్యువులుండగా, ఒకటి చర్మమును మరియొకటి మాయయు నగుట యెట్లు? కాలువ నిండుగ నున్నను తూము తెరచిన మడికే నీరు పాఱును గదా! అట్లే ఏ కణమున ఏ జన్యువు తెరువబడునో దానినిబట్టియే ఆ కణము పని యేర్పడును. ఆవు కట్టిన యేడెనిమిది దినములకు పిండము బోలుబంతివలె నుండును. లోపలి కణముల గుంపు దూడ యగును. వెలుపలి పొర మాయకు మూలము. ఈ పొరలో సీ.డి.ఎక్స్.2 అను జన్యువు పనిచేయును. ఇది నీరుగంటివంటిది, ఇతర జన్యువులను తెరచుటయు మూయుటయు దీని పని.

ఆ పొర దారమువలె సాగి, 15 మొదలు 17 దినముల ప్రాంతమున ఇంటర్ఫెరాన్ టౌ అను పదార్థమును మిక్కిలిగ విడుచును. పిండము కలదని తల్లికి అందు వార్త యిదియే. వార్త అందినచో అండాశయముమీది పసుపుపచ్చని గ్రంథి నిలిచి, గర్భమును కాపాడు ప్రొజెస్టిరోను నిచ్చుచుండును. అందనిచో గ్రంథి క్షీణించి, 21వ దినము ప్రాంతమున ఆవు మరల ఎదకు వచ్చును. "ఈసారి కట్టలేదు" అని రైతు ఆబోతును నిందించును. కాని పెక్కుమార్లు పిండము పుట్టియే, వార్త పంపజాలక నశించియుండును. వేసవిలో కట్టించిన పశువును తొలివారము ఎండలో త్రిప్పరాదనుటకు కారణ మిదియే. లేతపిండము వేడికి తాళజాలదు.

తరువాత మాయలోని కొన్ని కణములకు రెండేసి కేంద్రము లేర్పడి, అవి తల్లి కణములతో కలిసిపోవును. ఈ కలయికకు తోడ్పడు జన్యువు అతిప్రాచీనకాలమున ఒక వైరసునుండి పశుజాతికి సంక్రమించినది! వింతయే గాని నిజము. ఈ కణములు విడుచు మాంసకృత్తును నెత్తుటిలోనో పాలలోనో పరీక్షించి, 28వ దినము మొదలు చూడి నిర్ణయించుచున్నారు.

ఆవు గర్భకోశమునకు మాయ సాధారణముగ 70 మొదలు 120 బొడిపెలచే అంటుకొని యుండును. దూడలోని తండ్రి జన్యువుల గుర్తులను ఈనుకాలమున తల్లి శరీరము పరాయివిగా నెంచుటయు మాయ విడివడుటకు తోడ్పడును. 12 గంటలలో పడనిచో చేతితో లాగుటయు, రాయి కట్టుటయు కూడదు. బొడిపెలు చిరిగి గర్భకోశము చీముపట్టును, మరల చూడి నిలుచుట కష్టమగును. పశువైద్యుని పిలువవలెను. ఈచుకుపోయిన పశువు మాయను మాత్రము ఉత్తచేతులతో ముట్టరాదు. బ్రూసెల్లా రోగము మనుష్యులకును అంటును.