పరిహారంలో సర్కారు వాటా ఎంత?

ప్రశ్న: మేం అమెరికాలోని ఫ్లోరిడాలో ఉంటాం. సైకిలు మీద వెళ్తున్న మా అబ్బాయిని కారు గుద్దింది. ఆసుపత్రి ఖర్చంతా మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా) భరించింది. ఇప్పుడు కారు ఇన్సూరెన్సు కంపెనీ రాజీకి వచ్చింది. తను పెట్టిన ఖర్చు తిరిగివ్వాలని ప్రభుత్వం నోటీసు పంపింది. అంతా ఇచ్చేయాలా?

జవాబు: ఇవ్వాలి గానీ అంతా ఇవ్వాల్సి రాకపోవచ్చమ్మా. మెడికెయిడ్‌లో చేరేటప్పుడే, ప్రమాదానికి కారకులైనవాళ్ల నుంచి వైద్య ఖర్చు రాబట్టుకునే హక్కును ప్రభుత్వానికి రాసిస్తాం. ఒకరి తప్పుకు పన్ను కట్టేవాళ్లు మూల్యం చెల్లించకూడదు కదా! అయితే పరిహారంలో వైద్యానికి చెందిన భాగం వరకే ఆ హక్కు. బాబు పడ్డ బాధకు, కోల్పోయిన సంపాదనకు వచ్చే సొమ్ము బాబుదే.

2006 నాటి అర్కాన్సాస్ కేసు చూడండి. కారు ప్రమాదంలో ఓ కాలేజీ విద్యార్థిని మెదడు దెబ్బతింది. నష్టం 30 లక్షల డాలర్ల పైమాటే. రాజీలో దక్కింది 5.5 లక్షలు, అంటే సుమారు ఆరో వంతు. ప్రభుత్వం తాను పెట్టిన 2,15,645 డాలర్లూ అడిగింది. వైద్య ఖర్చులోనూ ఆరో వంతే, 35,581 డాలర్లే దానికి చెందుతాయని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

2022లో మీ ఫ్లోరిడా కేసులోనే అదే కోర్టు, ముందుముందు వైద్యానికని వచ్చే సొమ్ములోంచి కూడా ప్రభుత్వం రాబట్టుకోవచ్చంది. అక్కడి లెక్క ప్రకారం లాయరు ఫీజు కింద 25 శాతం, కోర్టు ఖర్చులు తీసేసి, మిగిలినదాంట్లో సగం దాకా అడుగుతారు. ఆ కేసులో 8 లక్షల రాజీకి 3 లక్షలు అడిగారు. మిమ్మల్ని అడిగింది ఎక్కువనిపిస్తే, ఆ సొమ్ము ప్రభుత్వానికి కట్టిన నాటినుంచి 21 రోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చు. గడువు దాటనివ్వకండి.

నోటీసుతో పాటు ఖర్చుల పట్టీ అడిగి తెప్పించుకోండి. ఒక్కో తేదీ మీద వేలు పెట్టి చూడండి. ప్రమాదానికి ముందు జ్వరానికి చూపించిన రోజు, ప్రమాదంతో సంబంధం లేని పళ్ల డాక్టరు బిల్లు అందులో దూరితే కొట్టేయించండి. రాజీ సంగతి ప్రభుత్వానికి దాచకండి, దాస్తే చిక్కుల్లో పడతారు. అన్నిటికన్నా ముఖ్యం, వైద్యానికి ఎంత, బాధకు ఎంత, సంపాదనకు ఎంత అన్నది ఒప్పందంలో విడివిడిగా, ఆధారాలతో రాయించాకే సంతకం పెట్టండి. బాబు రేపటి చదువుకు, బతుకుకు మిగిలేది ఆ వివరాల మీదే ఆధారపడి ఉంటుంది.