పెట్టె చూసి కొనకు

విజయవాడ

అల్లుడూ,

సూర్యాపేట దగ్గర హైవే మీద లారీ వర్క్‌షాప్ పెడుతున్నావనీ, సామాను కొనడానికి ఆటోనగర్ వస్తున్నావనీ అక్క చెప్పింది. సంతోషం. తక్కువకు వస్తోందని నువ్వు ఫొటో పంపిన పెద్ద టూల్ సెట్టు మాత్రం వదిలెయ్. అందులో సగం కార్లకూ మోటార్‌సైకిళ్లకూ పనికొచ్చే చిన్న సైజులు. లారీ కింద రోజూ చేతిలో ఆడేవి 17, 19, 22, 24, 27, 30, 32. వాటిని విడిగా, మంచివి చూసి కొనుక్కో.

దేనికెంత పెట్టాలన్న దానికి నాది ఒకటే లెక్క. ఏది విరిగితే మనిషికి దెబ్బ తగులుతుందో, ముందు దాని మీద డబ్బు పెట్టు.

ఆ లెక్కన మొదటివి సాకెట్లు. పెద్ద లారీల చక్రం నట్లకు 600 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో బిగింపు ఉంటుంది. మీటరు రాడ్డు చివర 60 కిలోల బరువు వేలాడేస్తే ఎంతో, అంత. తుప్పు పట్టిన నట్టు ఇంకా ఎక్కువే అడుగుతుంది. అరంగుళం డ్రైవ్‌తో ఆ పనికి దిగకు. ముప్పావు అంగుళం, వీలైతే అంగుళం డ్రైవ్ తీసుకో. గాలి గన్నుకు నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే తొడగాలి. క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో గోడ మందంగా చేస్తారు కాబట్టి అవి దెబ్బలకు ఓర్చుకుంటాయి. తళతళలాడే క్రోమ్ పూత సాకెట్లు చేతి బిగింపుకే. గన్నుకు పెడితే పగిలి, ముక్కలు ముఖం మీదికొస్తాయి.

స్పానర్లు, ప్లయర్లు మన దేశంలో ఎక్కువగా జలంధర్, లూధియానాల్లో తయారవుతాయి. మేలు రకమూ అక్కడిదే, నాసి రకమూ అక్కడిదే. డ్రాప్ ఫోర్జింగ్ చేసిన క్రోమ్ వనేడియం సరుకు అడుగు, బిల్లు తీసుకో. జేబులో కొత్త బోల్టులు రెండు మూడు తెచ్చుకుని కొట్లోనే తొడిగి చూడు. వదులుగా ఊగితే తిరిగిచ్చెయ్. బిగుసుకున్న నట్టును రింగ్ స్పానర్‌తో కదిలించాకే ఓపెన్ స్పానర్ పట్టమని కుర్రాళ్లకు చెప్పు. రింగు ఆరు మూలలూ పట్టుకుంటుంది. ఓపెన్‌ది రెండు వైపులే పట్టుకుంటుంది కనుక, బలం పెడితే నోరు విచ్చుకుని నట్టు మూలలు తినేస్తుంది. స్పానర్‌కు పైపు తొడిగే అలవాటు మొదటి రోజే మాన్పించు. స్పానర్ ఎంత బలానికి ఓర్చుకుంటుందో చూసే దాని పొడవు పెడతారు.

సుత్తి ముఖం గట్టిపరిచిన ఉక్కు. సుత్తిని సుత్తితో కొడితే పెచ్చు ఎగిరి కన్ను పోతుంది. బేరింగుల దగ్గర, పిన్నుల దగ్గర ఇత్తడి సుత్తే వాడాలి. ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుంటే వెంటనే గ్రైండర్ మీద సాపు చేయించు. పోత ఇనుము వైస్ సమ్మెట దెబ్బకు పగులుతుంది. ఖర్చైనా ఉక్కు వైసే పెట్టించు. టార్క్ రెంచ్ బిగించడానికే, నట్లు ఊడదీయడానికి కాదు. పని కాగానే దాని స్ప్రింగును అన్నిటికంటే చిన్న అంకె దగ్గరికి తిప్పి పెట్టాలి.

పొదుపు చేసే చోట్లూ ఉన్నాయి. ఆకురాళ్లు, హ్యాక్సా బ్లేడ్లు ఎలాగూ అరిగిపోతాయి. మధ్యరకానివి కొని, మొద్దుబారగానే మార్చెయ్. ఎప్పుడో గానీ అవసరం పడని పెద్ద సైజు స్పానర్లు పాత సామాన్ల కొట్లో తీసుకున్నా ఫరవాలేదు. వెల్డింగ్ పెట్టినది మాత్రం ఊరికే ఇచ్చినా ముట్టుకోకు. ఆ వేడికి ఉక్కు పదును పోయి ఉంటుంది.

అన్నిటికంటే ముందు కుర్రాళ్లందరికీ రక్షణ కళ్లద్దాలు కొను. డబ్బు చాలకపోతే స్పానర్లు రెండు తగ్గించుకో గానీ, అవి తగ్గించకు.

ఇట్లు,
నీ మేనమామ