ముధోల్ కుక్కను తెచ్చుకునే ముందు

సెకండియర్‌లో మా రూమ్మేట్ ఒకడు ముధోల్ పిల్లను తెచ్చి, మేడ మీది అద్దె గదిలో పెంచాడు. ఏడాది తిరిగేసరికి అది మా చెప్పులన్నీ నమిలేసింది. ఓ రోజు గేటు తీసి ఉంటే పిల్లి వెంట దూసుకుపోయింది. రెండ్రోజులు వెతికాక కాలికి దెబ్బతో దొరికింది. "ఇది మాట వినే రకం కాదురా" అన్నాడు వాడు. నిజానికి తప్పు కుక్కది కాదు, దాని సంగతి తెలుసుకోకుండా తెచ్చుకున్న మాది.

ముధోల్ అనేది కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లాలోని ఊరు, ఒకప్పటి ఘోర్పడే రాజుల సంస్థానం. ఆ వంశానికి చెందిన మాలోజీరావు ఈ జాతిని చేరదీసి నిలబెట్టారని చెబుతారు. 2005లో తపాలా శాఖ దీని బొమ్మతో స్టాంపు వేసింది. 2016లో మన సైన్యం మీరట్‌లో వీటికి శిక్షణ మొదలుపెట్టింది.

వేటకుక్కల్లో వాసన పట్టి వెళ్ళేవి కొన్ని, కంటితో చూసి తరిమేవి కొన్ని. బీగిల్ మొదటి రకం, ముధోల్ రెండో రకం. పొడవాటి కాళ్ళు, లోతైన ఛాతీ, సన్నటి నడుము. పరుగులో వెన్నెముక స్ప్రింగులా ముడుచుకుని సాగుతుంది. ఒక్కో అంగలో రెండుసార్లు నాలుగు కాళ్ళూ గాల్లోనే ఉంటాయి. మెకానికల్ వాళ్ళు స్లో మోషన్‌లో చూసి తీరాలి!

కదిలేది కంటబడితే దానికి మన పిలుపు చెవికెక్కదు. అది పొగరు కాదు, తరతరాలుగా కుందేళ్ళను తరమడానికి ఎంచి పెంచిన బుద్ధి. ఇంట్లో మాత్రం నెమ్మదస్తురాలే. కొత్తవాళ్ళకు దూరంగా ఉంటుంది. అరిచినా కొట్టినా ముడుచుకుపోతుంది, ఓపిగ్గా చెబితే నేర్చుకుంటుంది.

ఇక పెంపకం:

పరుగు: పొద్దునా సాయంత్రం, ఎండ లేనప్పుడు. చుట్టూ గోడో కంచో ఉన్న చోటే వదలాలి, రోడ్డు మీద తాడు తప్పనిసరి. ఎముకలు ఎదిగే వయసులో పిల్లను బండి వెంట పరిగెత్తించొద్దు.

తిండి: సన్నగా ఉండటం దీని సహజం. రెండు మూడు పక్కటెముకలు కనిపిస్తున్నాయని మెక్కబెట్టకండి. తిన్న వెంటనే పరిగెత్తనివ్వకండి, లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో పొట్ట ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది. అది ప్రాణం మీదికొస్తుంది. చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష అసలు పెట్టకూడదు.

పడక: వెంట్రుకలు పొట్టి, ఒంట్లో కొవ్వు తక్కువ. చలికాలం దుప్పటి కావాలి. గచ్చు మీద పడుకుంటే మోచేతులు కాయలు కాస్తాయి.

వైద్యం: రేబిస్ టీకా, నులిపురుగుల మందు వేళకు పడాలి. ఆపరేషన్ అవసరమైతే ఇది వేటజాతి అని డాక్టరుకు ముందే చెప్పండి. కొన్ని మత్తుమందుల నుంచి ఈ రకం కుక్కలు త్వరగా తేరుకోవు.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. కుక్కకు ఆ పని పోయింది గానీ కాళ్ళలో పరుగు పోలేదు. ఆ పరుగుకు రోజూ రెండు పూటలా టైమివ్వగలరా? సెమిస్టర్ పరీక్షలప్పుడు కూడా? ఇవ్వగలిగితేనే తెచ్చుకోండి.

మా వాడి కుక్క ఇప్పుడు వాళ్ళ మామయ్య మామిడితోటలో ఉంది. కంచె ఉంది, పరుగుకు చోటుంది. ఇప్పుడు మాట కూడా వింటోందట.