ఇంట్లో తెలుగు, బడిలో తమిళం

గుడియాత్తం, వేలూరు పక్క చాలా ఇళ్లలో మాట తెలుగే. ఒకటో తరగతిలో మాత్రం తమిళం. అర్థంకాక బిడ్డ నోరు మెదపకపోతే మందబుద్ధి అనేస్తారు, అదే అన్యాయం.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో అమ్మభాషలో చదువుకు వసతి కల్పించమని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. మన రాష్ట్రంలో 2006 చట్టం తమిళాన్ని ఒకటో తరగతి మొదలు ఏటా ఒక తరగతి చొప్పున పదిదాకా తప్పనిసరి చేసింది. తమిళం నేర్వాల్సిందే, ఇక్కడ బతకాలి కదా! అందుకు తెలుగును నోట్లోనే నొక్కేయాలా?

మనలో బి.ఎడ్.కి పోయేవాళ్లున్నారు. అలాంటి బిడ్డ కనిపిస్తే "కడుపు నొప్పా? నీళ్లు కావాలా?" అని తెలుగులో అడగండి. రెండు భాషలూ వచ్చిన పిల్లను పక్కన కూర్చోబెట్టండి. వాళ్లమ్మ బడికొస్తే తెలుగులోనే మాట్లాడండి.